ఒక్క కన్నం

చెడగొట్టడంలో నాకు మంచి అనుభవం ఉంది. కానీ ఒక ఇంటి శ్లాబును, ఒక పెద్దమనిషి సోఫాను, నా పరువును ఒకే దెబ్బకు పాడుచేసింది మాత్రం నర్సీపట్నంలోనే. చెబుతాను, నవ్వుకోండి.

కొత్తగా కాపురం పెట్టిన రోజులవి. ముందు వాటాలో ఓనరు అప్పలనాయుడు గారు, వెనక వాటాలో మేము. మా ఆవిడ కరుణ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీకి నడిచి వెళ్లేంత దగ్గరలో ఆ ఇల్లు దొరకడమే మా అదృష్టం. ఒకటే లోటు, వంటింటికి కిటికీ లేదు. కరుణ ఎండుమిరపకాయల పోపు వేసిందంటే ఇద్దరం దగ్గుకుంటూ వీధిలో పడేవాళ్లం. చిమ్నీ గొట్టం పైకి పంపాలంటే శ్లాబుకు కన్నం పెట్టాలి. గోడకు మేకు కొడితేనే ఊరుకోని నాయుడు గారిని ఎంత బతిమాలానో మీకు తెలియదు.

"ఒక్క కన్నం," అన్నారాయన చివరికి. "శుబ్బరంగా ఉండాల. రెండోది పడిందంటే సామాన్లు సర్దీసుకోండి."

శ్లాబును గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మిషనుతో నూకరాజు వచ్చాడు. కొలతలు నేనే తీస్తానన్నాను. రెండు వాటాల మధ్య గోడలో ఒక పిల్లరుంది, దాని ఊచలు డాబా మీదికి పొడుచుకు వచ్చి ఉంటాయి. వంటింట్లో పొయ్యి వైపు తిరిగి కొలిచాను: పిల్లరుకు కుడివైపు ఒక బార. డాబా ఎక్కాక అటే తిరిగితే ఎండ కళ్లలో కొడుతోంది. అందుకని ఎండకు వీపు పెట్టి ఇటు తిరిగి నిలబడి, కుడివైపు ఒక బార కొలిచి, సుద్దముక్కతో గుండ్రంగా గీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఇక్కడేనాండి?" అన్నాడు నూకరాజు.

"ఇంకెక్కడ?"

మిషను నీళ్లు చిమ్ముకుంటూ తిరిగింది. కాసేపటికి ముక్క కిందికి జారిన చప్పుడు. అంచులు జున్ను కోసినంత నున్నగా వచ్చాయి.

"కరుణా, ముక్క బకెట్లో పడిందా?" మెట్ల మీంచి కేకేశాను.

"ఏటీ పడనేదండీ."

"పైన కన్నం పడిందిగా."

"కింద నేదు. శ్లాబు ఎలాగున్నదో అలాగే ఉంది."

నా బుర్ర తిరిగిపోయింది. పైన ఉన్న కన్నం కింద ఎందుకు లేదు? శ్లాబు మధ్యలో ఎక్కడైనా వంకర తిరిగిందా?

"మా మిషను తిన్నగానే ఎల్తాదండి," అన్నాడు నూకరాజు.

మోకాళ్ల మీద కూర్చుని కన్నంలోకి చూశాను. కింద ఎర్ర సోఫా కనిపించింది.

"కరుణా, మనం సోఫా ఎప్పుడు కొన్నాం?"

"మనకి సోఫా ఏటి? ఎండదెబ్బ గాని తగిలిందేటి? బేగి దిగి రండి."

నేను దిగేలోపే నాయుడు గారు పైకొచ్చారు. ఒక చేతిలో బజారు నుంచి తెచ్చిన కూరల సంచి, రెండో చేతిలో తడి తడిగా గుండ్రటి కాంక్రీటు ముక్క.

"ఇది మీదేనా బాబూ? నా సోఫాలో కూసునుంది."

ఇల్లు పోయిందనే అనుకున్నాను. కరుణకు మొహం ఎలా చూపించాలో తెలియలేదు.

"దీన్ని పూడ్పించేస్తానండీ. మా వైపు ఇంకోటి..."

"ఇంకోటా? ఒక్కటే అన్నాను. మీ కన్నం అయిపోయింది." ఆయన వంగి అంచును వేలితో నిమిరారు. "శుబ్బరంగానే ఉంది. దీన్నే వాడుకోండి."

వాడుకున్నాం. సోఫా కాస్త వెనక్కి జరిగింది గాని, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మా చిమ్నీ ఆయన హాల్లోనే ఉంది. పోపు వేయాలంటే కరుణ మూకుడుతో ముందు, నేను చిన్న స్టవ్వు మోసుకుంటూ వెనక. నాయుడు గారు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా కాళ్లు సోఫా మీదికి తీసుకుని దారిచ్చేవారు.

మొదటిరోజే ఆ గొట్టం కింద నిలబడి, చెయ్యి ముందుకు చాచి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎండ కళ్లలో కొట్టినా, కళ్లే పోయినా, డాబా మీద కూడా పొయ్యి వైపే తిరిగి కొలుస్తానని.

"అలాగే గాని బాబూ," అన్నారు నాయుడు గారు, "టీవీకి అడ్డం తప్పుకోండి."