డైలాగు మరిచిపోయిన చోట

మా ఇంగ్లీషు మేడమ్ పోయారని పొద్దున్న కోర్టుకు బయలుదేరుతుంటే ఫోను వచ్చింది. నిద్రలోనే పోయారట. ఏడుపు వస్తుందనుకున్నాను. కానీ ఆవిడను తలచుకోగానే నాకు ఎప్పుడూ ముందు వచ్చేది ఉత్సాహమే. ఈ రోజు కూడా అదే వచ్చింది.

పటమటలో నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఇంగ్లీషంటే లెక్కలకూ ఫిజిక్స్‌కూ మధ్య ఊపిరి తీసుకునే గంట. ఆ గంటలోకి ఆవిడ సిలబస్‌లో లేని పాత ఇంగ్లీషు నాటకం ఒకటి తెచ్చారు. అందులో ఒక యువరాజు ఒంటరిగా నిలబడి, ఇన్ని బాధలు పడుతూ ఎందుకు బతకాలని తనను తానే అడుగుతాడు. ప్రపంచమంతా వల్లించే స్వగతం అది.

"చావు గురించే కదా మేడమ్?" అన్నాను.

"మొదలుపెట్టింది అక్కడే. కానీ ఎటు పోతున్నాడో చూడమ్మా!" చాక్‌పీసు చేతుల్ని కొంగుకే తుడిచేసుకుంటూ ముందుకు వంగారు. "ఒక మాట అంటాడు, మళ్లీ దాన్నే తిరగేసి చూస్తాడు. మనిషి ఆలోచించడం మనకి బయటికి వినపడుతోంది! అందుకే ఎవరు విన్నా, అరె, ఇది నా గోలే కదా అనుకుంటారు."

జవాబు కోసం తొందరపడేవాళ్లంటే ఆవిడకు కోపం. "ప్రశ్నని కాసేపు ఉండనివ్వండర్రా" అనేవారు.

ఆ ఏడాది యాన్యువల్ డేకి ఆ స్వగతాన్ని ఆవిడే తెలుగు చేసి నాకు అప్పగించారు. మా నాన్నకు మంగళగిరిలో చీరల షాపు. నన్ను ఇంజినీరింగ్‌లో చేర్పించాలని ఆయన పట్టు. నాకేమో లా చదవాలని. ఆ మాట ఇంట్లో ఎత్తే ధైర్యం లేదు. ఆ రోజు ఆయన షాపు మూసి మరీ వచ్చి మూడో వరసలో కూర్చున్నారు.

సగం దాకా బాగానే చెప్పాను. ఆయన ముఖం కనిపించింది. అంతే, తరవాతి మాట ఎగిరిపోయింది! తెర పక్కన కాగితం పట్టుకుని మేడమ్ నిలబడి ఉన్నారు. అందిస్తారనుకున్నాను. అందించలేదు.

"కంగారుపడకు, ఆలోచించు. ఆ యువరాజూ ఇప్పుడు ఆలోచిస్తూనే ఉన్నాడు" అని మెల్లగా అన్నారు.

నోరు తెరిచాను. "నాన్న చూపించిన దారిలో వెళితే నాన్నకి సంతోషం. కానీ ఆ నడిచేది నేను కాదు. నాకు నచ్చిన దారిలో వెళితే నడిచేది నేనే. మరి నాన్న ముఖం ఎలా చూడను? అడగటానికే ఇంత భయమైతే, ఏ దారినైనా ఎలా నడుస్తాను?"

చప్పట్లు మోగిపోయాయి. కొట్టనిది నాన్న ఒక్కరే.

అంతా అయ్యాక ఆయన మేడమ్ దగ్గరకు వచ్చారు. "ఆ నాన్న సంగతి నాటకంలో ఉందాండీ?"

"లేదండీ. అది మీ అమ్మాయిదే."

"మరి మీరు ఆపలేదేంటండీ?"

"ఇలాంటి మాటలు పుట్టిస్తుంది కాబట్టే కదండీ, ఆ నాటకం ఇన్ని వందల ఏళ్లు బతికింది!" ఆవిడ కళ్లు మెరిసిపోతున్నాయి.

మంగళగిరిలో బస్సు దిగాక నాన్న, "ఇంతకీ ఏం చదువుతావే?" అన్నారు.

"లా."

కొంతదూరం నడిచారు. "ఇవాళ మాట్లాడినట్టు జడ్జి ముందు మాట్లాడగలవా?"

"మాట్లాడతాను నాన్నా."

"అయితే ఎక్కడ చేరాలో కనుక్కో."

ఆ రాజకుమారుడికీ మా చీరల షాపుకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఎవరో ఎప్పుడో రాసిన ఆ ఒంటరి మాటల్లో నా మాటకు చోటు దొరికింది. ఇప్పటికీ కోర్టులో సాక్షి తడబడితే నేను తొందరపెట్టను. ఆగుతాను. చాలాసార్లు నిజం ఆ విరామంలోంచే బయటికి వస్తుంది.

ఆవిడను చివరిసారి పోయిన నెల బెంజ్ సర్కిల్‌లో చూశాను. నా కారు సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. ఆవిడ కూరల సంచీతో ఫుట్‌పాత్ మీద నడుస్తూ, ఖాళీ చెయ్యి ఊపుతూ, పైకే ఏదో చెప్పుకుంటున్నారు. ఫోన్లో మాట్లాడుతున్నారనుకుని జనం పక్కకు తప్పుకుంటున్నారు. ఆవిడ చెవిలో ఏమీ లేదు. ఒకచోట ఠక్కున ఆగి, తల అడ్డంగా ఊపి, అప్పుడే చెప్పిన లైన్ నచ్చనట్టు, ఇంకోలా చెప్పుకుంటూ ముందుకు సాగిపోయారు.