ప్రేమవిందులో పేలిన అల్లం బీరు

ఆరాధన మధ్యలో సంఘపెద్దల తెల్లచొక్కాలన్నీ ఒక్క చేత్తో తడిపిన ఘనుణ్ణి నేను. బాప్తిస్మమిచ్చే అధికారం నాకు లేదని ముందే మనవి చేస్తున్నాను. అయినా మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘంలో ఆ ఆదివారం ఎవరూ పొడిగా ఇంటికెళ్లలేదు.

అప్పట్లో నాకు అల్లం బీరు పిచ్చి పట్టింది. కంగారుపడకండి. అల్లం, పంచదార, నిమ్మరసం, చిటికెడు ఈస్టు. కాస్త పులిస్తే బుడగలొస్తాయి, అంతే. సీసా లేదు, సరుకు లేదు, కంపెనీ పేరు మాత్రం 'కానా', యేసు నీళ్లను ద్రాక్షరసం చేసిన ఊరి పేరు! ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందులో సంఘం మెచ్చుకుంటే ఊళ్లో దుకాణాలకు ధైర్యంగా వెళ్లాలని నా పట్టుదల.

సంఘపెద్ద శామ్యూలు గారు, రిటైరైన రైలు గార్డు, ఒకటే షరతు పెట్టారు. "చుక్క మత్తున్నా నీ బీరూ ఉండదు, నీ సండేస్కూలు టీచరు పనీ ఉండదు. అచ్ఛా?"

"అచ్ఛా అంకుల్! రిస్కులన్నీ ఆలోచించేశాను."

నేను ఆలోచించిన రిస్కు మత్తొక్కటే. అది రాకుండా కొద్దిసేపే పులియబెట్టాను. బుడగలు పారిపోకుండా మూతలు బిగించి, పైన తీగ చుట్టాను. సీసాలంటారా? లాల్‌ఖదాన్‌లో పాతసామాన్ల కొట్టులో దొరికినవి.

నా భార్య సుగుణ ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఏటండీ, ఇది బీట తీసున్నాది?"

"కడిగితే పోతుంది."

"బీట కడిగితే పోద్దేటి? పులిసేదాన్ని ఇలా బిగించీసారు. ఇడ్లీ పిండే మూత తోసేస్తాది, ఈ ఎండల్లో ఇదూరుకుంటాదా?"

"అల్పవిశ్వాసీ!"

"నా విశ్వాసం దేవుడి మీదుంది. సీసాల మీద లేదు."

ఆదివారం సీసాలను వేదిక పక్క బల్లమీద, కిటికీ ఎండలో, గాయకబృందంలా నిలబెట్టాను. సుగుణ వాటిమీద మందపాటి గోనెసంచులు కప్పింది.

"ఏమిటిది, పెళ్లికూతుళ్లకి ముసుగులా?" అన్నాను.

"ఉండనీయండి."

నేను తలచని రిస్కు ఇంకొకటుంది. పాస్టరు గారి ప్రసంగం. ఆయన "చివరి మాట" అన్నారంటే, కట్నీ లైనులో గూడ్సుబండి ఔటరు సిగ్నలు దాకా వచ్చినట్టే. స్టేషనెప్పుడో దేవుడికే తెలుసు. ఎండ బల్లంతా పాకాక, దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు.

"ప్రియులారా! ఈ పనిలో ఏ ఆపదా రాకుండా దేవుడు..."

ఢాం!

సగం చెవుడున్న దానమ్మ మామ్మ చేతులెత్తింది. "స్తోత్రం!"

"...నన్ను కాపాడి..."

ఢాం! ఢాం!

"స్తోత్రం! స్తోత్రం!"

"సాక్ష్యం ఆపీయరా బాబూ! నువ్వు నోరిప్పితే పేలిపోతన్నాయి!" అని శామ్యూలు గారు అరిచేసరికి మిగతావన్నీ ఒక్కసారిగా లేచాయి. గాజుముక్కలు గోనెలోనే ఆగాయి. బీరు మాత్రం పైకప్పు దాకా వెళ్లి, నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా సమానంగా కురిసింది.

శామ్యూలు గారి మీసం నుంచి బొట్లు కారుతున్నాయి. నా టీచరు పనీ, నా కంపెనీ ఆ మీసానికే వేలాడుతున్నాయి. ఆయన నాలుక చాపి ఒకసారి నాకారు. ఆలోచించి, మళ్లీ నాకారు.

"మత్తు లేదు. ఘాటున్నాది, బాగున్నాది. మారుమనస్సు కావాల్సింది సీసాలకే."

ఊపిరి పీల్చుకున్నానో లేదో, దానమ్మ మామ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "కొత్త ద్రాక్షరసం పాత తోలుతిత్తుల్లో పోస్తే పిగిలిపోతాయని మొన్ననే సండేస్కూల్లో మా మనవరాలికి నేర్పినోడివి నువ్వే కదేటి, నాయనా?"

ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం. కనుక ఇది ఒట్టు కాదు, తీర్మానం. నా బీరు ఆగదు. కొత్త సీసాల్లో, చల్లటి పెట్టెలో సాగుతుంది. కానీ సుగుణ "ఊఁ" అనేదాకా ఇక జన్మలో మూత బిగించను, నోరు విప్పను.