హైవే పక్కన మైకత్త

ఆమెను వీధిలో అందరూ మైకత్త అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆమె కూడా పలికేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె నోరు మంచిదే, కాకపోతే మైకు అక్కర్లేనంత పెద్దది. అందులో ఆమె తప్పేమీ లేదు. పెళ్ళికి ముందు నుంచీ నేత మిల్లులో పని. షెడ్డు నిండా మరమగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు గొంతు చించుకుని అరవడం నేర్చుకునేవారు. అరిచినా వినబడకపోతే ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకునేవారు. మైకత్తకు ఆ రెండు విద్యలూ బాగా అబ్బాయి. ఒక చెవిని మాత్రం సగానికి పైగా మిల్లుకే వదిలేసి వచ్చింది.

మొగుడు ఆమెకు పూర్తిగా విరుద్ధం. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. మాట గట్టిగా వస్తే చేతిలోని అద్దం మీద గీత పడుతుందేమో అన్నంత మెల్లగా మాట్లాడేవాడు. పెళ్ళైన కొత్తలో "మంచినీళ్ళు కావాలా అత్తయ్యా" అని కోడలు అడిగితే, తిట్టిందనుకుని అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుందట. ఆయన తల్లి పక్కన కూర్చుని ఏదో సర్దిచెప్పాడు. గది అవతల నిలబడిన కొత్త పెళ్ళికూతురు ఆయన పెదాలు చూసి అంతా పోల్చుకుంది. "దాని గొంతే అంతమ్మా, మనిషి వెన్న" అంటున్నాడు. అప్పుడు పుట్టిన ఇష్టం ఆమెకు ఆయన మీద ఎన్నడూ తగ్గలేదు.

వాళ్ళు ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవారు. కింద ఇంటివాళ్ళు మంచివాళ్ళే. కానీ మైకత్త నవ్వినప్పుడల్లా కింద నుంచి కర్రతో పైకప్పు తట్టేవారు. పాపం ఆమె గుసగుసలాడటం నేర్చుకోబోయింది. ఆ గుసగుస మెట్ల కింద చెప్పులు విప్పుకుంటున్న వాళ్ళకు కూడా వినిపించేది. దాంతో మాటలే తగ్గించింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. కూతురితో ఫోన్లో మాట్లాడాలంటే డాబా ఎక్కేది. మిల్లులో ఉన్నంతకాలం పగలంతా అరుచుకుని వచ్చేది కాబట్టి సరిపోయింది. మిల్లు మానేశాక పొద్దస్తమానం ఇంట్లో నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చోవలసి వచ్చింది.

మిల్లు వాళ్ళు చివర్లో ఇచ్చిన డబ్బుతో సొంత ఇల్లు కొనుక్కుందామనుకున్నారు. బ్రోకరు చాలా ఇళ్ళు తిప్పాడు. నచ్చినవి అందలేదు, అందినవి నచ్చలేదు. ఆఖరికి కాస్త నసుగుతూ హైవే పక్కన ఒక ఇల్లుందని తీసుకెళ్ళాడు.

ఇల్లు బాగానే ఉంది. ముందు గది, వంటగది, పడకగది, వెనకాల ఒక సామాన్ల కొట్టు, చిన్న పెరడు, అందులో జామచెట్టు. ప్రహరీ గోడకు అవతల సందు, సందు దాటితే హైవే. లారీలు, బస్సులు, కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతూనే ఉన్నాయి. కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. అమ్మేది ఒంటరి పెద్దావిడ, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది.

"అబద్ధం ఆడను వదినా," అంది ఆవిడ గట్టిగా, మొదటి మాటలోనే వరస కలిపేసి. "మోత ఉంది, దుమ్ము ఉంది. బట్టలు బయట ఆరేస్తే మళ్ళీ ఉతుక్కోవాలి. ఇంకేం అడుగుతావో అడుగు."

అప్పుడే ఒక పెద్ద ట్రాలీ లారీ వెళ్ళింది. ఆ మోతలోనే మొగుడు పెరటి గుమ్మంలో నిలబడి మామూలుగా, ఎప్పటిలాగే మెల్లగా ఏదో అన్నాడు. బ్రోకరుకు ముక్క వినబడలేదు. మైకత్త మాత్రం ముందు గదిలోంచే జవాబు చెప్పింది.

"జామచెట్టు కాస్తుందో లేదో నన్నడుగుతారేంటండీ, ఆవిడనడగండి."

బ్రోకరు నోరెళ్ళబెట్టాడు. "మీకెలా వినిపించిందమ్మా?"

"వినిపించలేదు నాయనా, కనిపించింది. గోడలకు చెవులుంటాయంటారు కదా, ఈ ఇంటి గోడలకు ఎప్పుడో పోయుంటాయి. ఇక్కడ నాకు భయమేముంది?" అని నవ్వింది. అడ్డం లేకుండా, ఉన్న గొంతంతా పెట్టి నవ్వింది. పెద్దావిడ కూడా అంతే గట్టిగా కలిసి నవ్వింది. ఎవరూ ఏదీ తట్టలేదు.

మొగుడు జామచెట్టును వదిలేసి ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు.

సంగతి తెలిసి ఆడపడుచు ఫోన్ చేసి, "మా అన్నయ్యకు చీమ చిటుక్కుమన్నా మెలకువ వస్తుంది, తెలిసీ అక్కడ పడుకోబెడతావా వదినా" అని నిలదీసింది. అదే దిగులు మైకత్తకూ ఉంది. పెద్దావిడను అడిగి, దుకాణానికి సెలవున్న రోజు మధ్యాహ్నం మొగుణ్ణి ఆ ఇంటి పడకగదిలో పడుకోబెట్టింది. తాను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచి ఒళ్ళు విరుచుకున్నాడు.

"హాయిగా పట్టింది నిద్ర."

"నిద్రపోతే గురక పెడతారు మీరు. ఇంతసేపూ చూస్తూనే ఉన్నాను, మీ పొట్ట ఒక్కసారీ ఎగిసిపడలేదు. నా దగ్గరా నాటకాలు? ఈ ఇల్లు వద్దు, పదండి."

ఆయన లేవలేదు. "నాకు నిద్ర దుకాణంలోనైనా పడుతుంది. నువ్వు నవ్వడానికి ఎక్కడికెళ్తావు?"

మైకత్త విసురుగా లేచి, ఏం చేస్తోందో తనకే తెలియకుండా ఇల్లంతా తిరిగింది. సామాన్ల కొట్టు తలుపు తీసింది. లోపల పాత పరుపు, విరిగిన కుర్చీలు, పెరటి వైపు చిన్న కిటికీ. రోడ్డుకు, ఆ గదికి మధ్య మిగతా ఇల్లంతా అడ్డం ఉంది. తన మంచి చెవిని గోడకు ఆనించి చూసింది. ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు ఉంది తప్ప పెద్ద మోత లేదు.

మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి పాత పరుపు మీద పడుకోబెట్టి తలుపేసింది. కాసేపాగి పెద్దావిడను పిలిచింది.

"వదినా, నా చెవిని నమ్మలేను. లోపల గురక వినిపిస్తోందా?"

పెద్దావిడ తలుపుకు చెవి పెట్టింది. "ఇంజను బయల్దేరింది" అంది.

ఇక మిగిలింది కూతురు. ఆమె ఊపిరితిత్తుల ఆసుపత్రిలో నర్సు. వచ్చీ రాగానే రోడ్డు వైపు కిటికీ అంచు మీద వేలితో రాసి, నల్లబడిన ఆ వేలు తండ్రి ముక్కు ముందు పెట్టింది.

"ఇదెక్కడికి పోతుందో తెలుసా నాన్నా? నేను రోజూ చూస్తున్నాను ఆసుపత్రిలో."

"నిజమేనమ్మా" అన్నాడాయన.

"అమ్మా, నువ్వైనా చెప్పవేం?"

"ఏం చెప్పనే? నువ్వన్నది అబద్ధం కాదు. కానీ ఆ మేడ మీద నాకు ఊపిరాడటం లేదు. ఆ సంగతి నీ ఆసుపత్రి మిషన్లలో తెలియదు."

కూతురు వెనక గదికి వెళ్ళి, పెరటి వైపు కిటికీ అంచు మీద కూడా వేలితో రాసి చూసింది. తర్వాత ముందు గదిలోకొచ్చి తన షరతులు చెప్పింది. పడక వెనక గదిలోనే. రోడ్డు వైపు కిటికీలు తీయకూడదు. ఇల్లు తడిగుడ్డతో తుడవాలి, చీపురుతో దుమ్ము రేపకూడదు. ఏటా ఇద్దరూ వచ్చి ఊపిరితిత్తులు చూపించుకోవాలి. "ఒక్కటి తప్పినా నేనే ఇల్లు అమ్మేస్తాను" అంది. తల్లి గొంతే వచ్చింది ఆమెకు కూడా.

కొన్నారు. మొదట్లో మొగుడికి కష్టంగానే ఉండేది. రాత్రి పట్టని నిద్ర పగలు దుకాణంలో తీర్చుకునేవాడు. పోనుపోను అలవాటైంది. ఆయనకు దగ్గు వచ్చినప్పుడల్లా ఈ ఇంటివల్లేనేమోనని మైకత్త పరుగులు పెట్టేది. వెంటనే కూతురికి ఫోన్, మందు, కషాయం. తడిగుడ్డ ఆమె చెయ్యి వదిలేది కాదు. దీపం ఆర్పితే ఆయన పెదాలు కనబడవు కాబట్టి, చెప్పుకోవలసిన కబుర్లన్నీ అయ్యాకే ఆర్పేవాళ్ళు.

ఆ మరుసటి ఏడు ఒక ఆదివారం వంతెన మరమ్మతుకని పొద్దున్నే హైవే మూసేశారు. సందంతా ఎన్నడూ ఎరగని నిశ్శబ్దం. అలవాటు కొద్దీ అందరూ ఎప్పటిలాగే అరిచి మాట్లాడుకుంటున్నారు. ఎవరింటి గుట్టు వాళ్ళ గుమ్మం దాటి వీధిన పడింది. పక్కింటి టైలరు గళ్ళ లుంగీ ఎక్కడ పెట్టావని పెళ్ళాన్ని అడగడం, అది మసిగుడ్డ అయిందని ఆమె చెప్పడం సందు మొత్తానికీ తెలిసిపోయింది. సందు చివరింటి మాస్టారు కోడలి వంటకు పెట్టిన వంక కోడలితో సహా అందరూ విన్నారు. ఒక్కొక్కరే సిగ్గుపడుతూ, నవ్వుకుంటూ బయటికొచ్చి అరుగుల మీద కూర్చున్నారు. మైకత్త పెద్ద గిన్నెతో టీ కాచి తెచ్చింది. మాస్టారి కోడలికి మొదటి గ్లాసిచ్చి, "నీ వంట నేను తిన్నానమ్మా, బాగుంటుంది" అని మాస్టారికి వినబడేట్టే చెప్పింది. సందంతా ఘొల్లుమంది. మాస్టారు కూడా తల గోక్కుంటూ నవ్వాడు.

సాయంత్రానికి మొదటి లారీ కదిలింది. కబుర్లు ఆపి అందరూ అటు చూశారు. టైలరు, "అమ్మయ్య" అంటూ లేచి లోపలికెళ్ళాడు. మైకత్త ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, రేపు టీకి ఎవరిల్లు అని అడిగింది. మాస్టారి కోడలు తమ గుమ్మం వైపు చెయ్యి చూపించింది.