పండు చెవి, రెండు షుగర్ మిషన్లు

మొయినాబాద్ రోడ్డు మీద విశ్వేశ్వర్ మందుల దుకాణం పెట్టి పదహారేళ్లయింది. మొదట్లో జ్వరం గోళీలకూ దగ్గు మందుకూ వచ్చేవాళ్లే ఎక్కువ. గచ్చిబౌలి వైపు అద్దాల ఆఫీసులు లేచి, చేవెళ్ల దారి పొడవునా ఫామ్‌హౌసులు వెలిశాక, బీపీ, షుగర్ మందులు ముందు అరలోకి వచ్చాయి. ఇంట్లోనే రక్తం చూసుకునే మిషన్లూ ఆ రోజుల్లోనే వచ్చాయి. ఏ మిషన్ మంచిదని అడిగిన వాళ్లకు ఆయన ఒకే మాట చెప్పేవాడు: అన్నీ ఒకటే తీరు చూపిస్తాయి, కళ్లు మూసుకుని తీసుకోండి అని. తను నమ్మిన మాటే చెప్పాడు.

పండు ఆ దుకాణం పిల్లి. ఎలుకలు మందుల డబ్బాలు కొరుకుతున్నాయని తెచ్చిన పిల్ల, పదేళ్లకు గల్లాపెట్టె పక్కన ముద్దలా పడుకునే పెద్దమనిషి అయింది. కోమట్ల ఇల్లు కాబట్టి దాని తిండి పాలన్నం, పెరుగన్నం. ఒక ఎండాకాలం అది గిన్నెల కొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఎంత తిన్నా వీపు ఎముక తేలింది. వెనక కాళ్లు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ నడిచింది. ఈ లక్షణాలు మనుషుల నోట రోజూ వినే విశ్వేశ్వర్‌కు అనుమానం వచ్చింది. హైదరాబాద్‌లో జంతువుల డాక్టరమ్మ పరీక్ష చేసి షుగరేనంది. అన్నం మానిపించి మాంసం పెట్టమంది. పూటకు రెండు పాయింట్లు, అంటే రెండు యూనిట్ల ఇన్సులిన్ రాసి, ఇంట్లో రక్తం చూస్తూ అంకెలు ఫోన్‌లో చెప్పమంది.

మాంసం మాట విని భార్య అరుణాదేవి రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది. చివరికి దుకాణం ఊడ్చే రాములమ్మ ఆ పని తన మీద వేసుకుంది. ఆమె పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వస్తూ, ఉడకబెట్టిన కోడి ముక్కలు చిన్న డబ్బాలో తెచ్చేది. సూది గుచ్చడం మాత్రం అరుణాదేవి నేర్చుకుంది. వేడి గుడ్డతో చెవి కాచి, అంచున చిన్నగా పొడిస్తే చుక్క వచ్చేది. దుకాణంలోని మిషన్‌తోనే చూసేవాళ్లు. రెండు నెలలకు అంకె నూట ఎనభై దగ్గర కుదురుకుంది. పండు మళ్లీ బల్ల మీదికి దూకింది.

అప్పుడు కల్యాణ్ వచ్చాడు. చిల్కూరు దగ్గర ఫామ్‌హౌసు ఉన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు, దుకాణానికి పాత ఖాతాదారు. కంపెనీ పని మీద అమెరికా వెళ్లి వస్తూ, పిల్లుల కోసమే చేసిన మిషన్ ఒకటి పండు కోసం తెచ్చాడు. మరునాడు దాంతో చూస్తే రెండు వందల యాభై ఆరు. ఇన్నాళ్లూ తక్కువ మందు ఇచ్చామా అని విశ్వేశ్వర్‌కు దిగులు పట్టుకుంది. పిల్లుల మిషన్ చెప్పిందే నిజం కదా అనుకున్నాడు. డాక్టరమ్మను అడగకుండానే మూడు పాయింట్లకు పెంచాడు.

నాలుగో రోజు పొద్దున పది గంటలకు పండు బల్ల మీంచి జారి పడింది. ఒళ్లు వణికి, కళ్లు ఎటో నిలిచిపోయాయి. అరుణాదేవి తేనె సీసా అందుకుని దాని చిగుళ్లకు రుద్దింది. విశ్వేశ్వర్ చుక్క తీసి రెండు మిషన్లకూ అందించాడు. కొత్తది నలభై తొమ్మిది చూపింది. పాతదానికి అంకే రాలేదు, చాలా తక్కువన్న గుర్తు మాత్రం వచ్చింది. పావుగంటకు పండు తల ఎత్తింది.

"మిషన్ల తప్పున్నదా?" అని అడిగాడు భార్యను.

"మిషన్ సూది ఏస్తదా? పెంచింది మీరే గదా," అంది ఆమె, పిల్లి మీది నుంచి చూపు తిప్పకుండా.

డాక్టరమ్మ ఫోన్‌లో కోప్పడలేదు. మనుషుల రక్తంలో చక్కెర ఉండే తీరు వేరు, పిల్లి రక్తంలో వేరు, అందుకే మనుషుల మిషన్ పిల్లికి తక్కువ చూపిస్తుందని చెప్పింది. తను మందు కుదిర్చింది పాత మిషన్ అంకెలను బట్టే, కొత్తదానికి మారితే లెక్క కూడా మార్చుకోవాలి అంది. వారం పాటు ఒకే చుక్కను రెండింటికీ అందించి రాయమంది. రాస్తే ఏ రోజూ తేడా ఒకేలా లేదు. ఒకనాడు యాభై, ఒకనాడు ఎనభై. అనుమానం తీరక విశ్వేశ్వర్ తన వేలి రక్తాన్ని దుకాణంలోని రెండు రకాల మిషన్లతో చూసుకున్నాడు. మనిషి రక్తానికీ ఇరవై రెండు తేడా వచ్చింది.

ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు రాములమ్మ చీపురు పట్టుకుని లోపలికొచ్చింది. ఆమెకూ షుగరుంది. నెల కింద పాత మిషన్ ఇస్తే కొత్తది అనే స్కీము వస్తే, ఆమె మిషన్ తానే మార్పించాడు. అంకె ఎక్కువొస్తోందని ఆమె అంటే, పొద్దున గోళీకి ఇంకో సగం కలుపుకోమని తానే అన్నాడు. బేరాల మధ్య అన్న మాట, ఆ తర్వాత గుర్తు కూడా లేదు.

"రాములమ్మ, గా కొత్త మిషన్ వచ్చినంక నీ పానం ఎట్లున్నది?"

"పదకొండు కొట్టంగనే చెమటలు పడుతున్నయ్ సేటు. కండ్లు తిరుగుతున్నయ్. వయసు మీద పడ్డదనుకున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"గోళీ చెప్పింది మీరే గద. మల్ల మీకేం చెప్పాలె?"

విశ్వేశ్వర్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. షట్టరు సగానికి దించి, ఆమెను వెంటబెట్టుకుని చేవెళ్ల దవాఖానకు వెళ్లాడు. డాక్టర్ ముందు, ఆ సగం గోళీ తాను చెప్పిందేనని ఒప్పుకున్నాడు. డాక్టర్ చీటీ రాస్తూ, మందులు అమ్మడం నీ పని, పెంచడం నా పని అన్నాడు. అది అందరి ముందూ అన్నాడు. రాములమ్మ తల దించుకుంది, తన వల్ల సేటుకు మాట వచ్చిందని. దారిలో ఆటోలో ఆమె ఆ మాటే అంటుంటే ఆయన వారించాడు.

సగం గోళీ మానేసిన వారానికి ఆమె కళ్లు తిరగడం తగ్గింది. పండుకు పాత మిషన్‌తోనే రెండు పాయింట్లు సాగించారు. చలికాలానికి ఆ మందు కూడా అక్కర్లేకపోయింది, పిల్లుల్లో షుగర్ ఒక్కోసారి ఇలా తగ్గిపోతుందట. మళ్లీ రావచ్చని డాక్టరమ్మ హెచ్చరించింది కాబట్టి అరుణాదేవి ఆదివారం ఆదివారం చెవి కాచి చూస్తూనే ఉంది.

మిషన్ కొనడానికి వచ్చినవాళ్లను విశ్వేశ్వర్ ఇప్పుడు కాసేపు కూర్చోబెడతాడు. ఇంట్లో పాతది ఉంటే తెమ్మంటాడు, ఒకేసారి రెండింటితో చూసి ఆ తేడా డాక్టర్‌కు చూపించమంటాడు. కొందరు విసుక్కుని ఎదుటి దుకాణానికి పోతారు. ఆయన పిలవడు.