హన్నమ్మ వేలు, మా తమ్ముడి లినక్స్

మా తమ్ముడు యేసుబాబుకు సిగ్గు చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం పోవడం లేదు. అన్నం ముందు కూర్చున్నా తల దించుకునే తింటున్నాడు. నేను వాడి అక్కను, రోజను. నారాయణఖేడ్ బజారులో మా ఇద్దరిదీ ఒకటే దుకాణం. ముందు భాగంలో నా కుట్టుమిషన్, లోపల వాడి ఆన్‌లైన్ సెంటర్, మధ్యలో ఒక పరదా. ఆ పరదా వచ్చేపోయేవాళ్లకే గాని నా కంటికీ చెవికీ కాదు. లోపల జరిగిందంతా నాకు తెలుసు కాబట్టే చెబుతున్నాను.

యేసుబాబు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే మా అమ్మ నన్ను బతకనివ్వదు. డిగ్రీ మధ్యలో వదిలేసి, ఒక పాత లాప్‌టాప్ కొనుక్కుని, కాలేజీ అప్లికేషన్లూ కులం సర్టిఫికెట్లూ చేసిపెడుతూ తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు. చదువు రానివాళ్లు వస్తే విసుక్కోడు. వాడికున్న రోగం ఒక్కటే. తనకు ఏదైనా మంచి సంగతి దొరికితే దాన్ని ఊరందరి నెత్తిన రుద్దేదాకా నిద్రపోడు.

ఆ మంచి సంగతి పేరు లినక్స్. అంతకుముందు వాడి లాప్‌టాప్‌లో ఉన్నది ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించిన దొంగ విండోస్. దానికి వైరస్ పట్టి, జనం ఇచ్చిన ఫోటోలూ కాగితాలూ అన్నీ మట్టిలో కలిశాయి. మావాడు విసిగిపోయి, ఫోన్‌లో వీడియోలు చూసి, సొంతంగా లినక్స్ ఎక్కించుకున్నాడు. డబ్బు కట్టే పని లేదు, ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా నడుస్తుందో విప్పి చూసుకోవచ్చు, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. నిజం చెప్పాలంటే మంచిదే. వైరస్ గోల పోయింది. మూలుగుతూ నడిచే లాప్‌టాప్ కాస్తా చురుగ్గా లేచి కూర్చుంది. మెనూలన్నీ తెలుగులో పెట్టాడు. తెర మీద 'దస్త్రం', 'సవరణ' అని కనిపిస్తే వచ్చినవాళ్లు ఇదెక్కడి తెలుగని నవ్వేవాళ్లు. వాడు మాత్రం మురిసిపోయేవాడు.

మురిసి ఊరుకున్నా బాగుండేది. మా ఎదుటి దుకాణం మహేందర్‌ది. అదీ ఆన్‌లైన్ సెంటరే, కాకపోతే విండోస్. ఆయన చాయ్ తాగడానికి బయటికి వస్తే చాలు, మావాడు పట్టుకునేవాడు.

"నీది మాటిమాటికి బంద్ చేసి మల్ల చాలు చెయ్యాలె. నాది చూడు మహేందరన్నా, ఎక్కించిన కాడికెల్లి ఒక్కపారి సుత బంద్ చెయ్యలె. మూత మూస్తె పండుకుంటది, తెరిస్తె లేస్తది."

"మంచిగనే ఉందిరా. పని పడ్డనాడు చూద్దాం తియ్" అని మహేందర్ నవ్వేవాడు. ఆ నవ్వు మావాడికి ఒంటికి కారం రాసినట్టు ఉండేది.

పని పడనే పడింది. పింఛన్ తీసుకునే ముసలివాళ్లు బతికే ఉన్నామని ఏడాదికోసారి మిషన్ మీద వేలిముద్ర వెయ్యాలి. గడువు దాటితే పింఛన్ ఆగిపోతుంది. వేలిముద్ర మిషన్ చేసేవాళ్లు లినక్స్‌కు కూడా సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. యేసుబాబు దాన్ని ఎక్కించి, పొద్దున్నే దుకాణం తెరవగానే తన బొటనవేలు పెట్టి చూశాడు. రాలేదు. ఎడమచేతి వేలు పెట్టాడు. అదీ రాలేదు. నన్ను పిలిచి నా వేలు పెట్టించాడు. తెర మీద మళ్లీ అదే మాట, అనుమతి లేదని. మిషన్ తగిలించిన సంగతి కంప్యూటర్‌కు తెలుస్తోందట, కానీ దాన్ని ముట్టుకునే హక్కు వాడికి లేదంటోందట. చెమటలు పట్టి ఏవేవో ఆదేశాలు టకటకా కొడుతూ కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది హన్నమ్మ. కంగ్టి దారిలో మా పక్క ఊరు ఆమెది. మొగుడు లేడు, పిల్లలు లేరు, చేలల్లో కూలికి, మా మాటలో కైకిలికి, పోయి బతుకుతుంది. మేమంతా ఒకే చర్చికి పోతాం. చిన్నప్పుడు యేసుబాబును చెయ్యి పట్టుకుని సండే స్కూల్‌లో కూర్చోబెట్టింది ఆమే. వేలు పెట్టమంటే ముందు చీర కొంగుతో శుభ్రంగా తుడుచుకుని పెట్టింది. రాలేదు.

"సర్వర్ డౌన్ ఉందవ్వా" అన్నాడు వీడు.

హన్నమ్మ వెనక్కి తిరిగి, పరదా సందులోంచి ఎదుటి దుకాణం వైపు చూసింది. "గా మహేందర్ కాడ అయితుంది గదా బిడ్డా. అందరు ఏసి పోతుండ్రు."

నిజమే. ఎదురుగా మహేందర్ దుకాణం ముందు ముసలివాళ్లు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరే వేలు వేసి నవ్వుకుంటూ మెట్లు దిగుతున్నారు.  మావాడు హన్నమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి చూశాడు.

"అవ్వా, నీ వేలు అరిగిపోయింది. గీతలు లెవ్వు. గిది ఏడికి పోయినా రాదు."

నా చేతిలో కత్తెర అక్కడే ఆగిపోయింది. ఏడికి పోయినా రాదట. ఇప్పుడే తన వేలు రాలేదు, నా వేలు రాలేదు. మా వేళ్లు కూడా అరిగాయా మరి? హన్నమ్మ తన బొటనవేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. ఆమె ముఖం చిన్నబోయింది.

"మరెట్ల బిడ్డా?"

"కైకిలికి పోకు. పత్తి ఏరకు. నీళ్లల్ల పెట్టకు. కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టు. గీతలు మల్ల వస్తయ్, అప్పుడు నేనే పిలుస్త."

ఆమె తలూపి వెళ్లిపోయింది. వెళ్తూ చెయ్యి కొంగు కింద పెట్టుకుంది.

నేను పరదా లాగి లోపలికి పోయాను. "సిగ్గు లేదురా నీకు? గామెను మహేందర్ కాడికి తోలితె ఏం పోతుండె?"

"జర ఆగక్కా. ఇయ్యాల్టి లోపల సరిచేస్త. గాయన కాడికి తోలితె బజార్ల నా ఇజ్జత్ ఏముంటది?"

వాడి ఇజ్జత్ సంగతి వాడు చూసుకున్నాడు. తమ్ముడి పరువని నేనూ నోరు మూసుకున్నాను. ఆ రోజు సరికాలేదు, మర్నాడూ కాలేదు. వచ్చినవాళ్లు ఎదుటి దుకాణానికి తోవ పట్టారు. హన్నమ్మ ఒక్కతే మా చర్చి పిల్లగాడు పిలుస్తాడని ఇంట్లో కూర్చుంది.

హన్నమ్మ ఊరి సుమిత్ర నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటుంది. కొలతలిస్తూ ఒకటే నవ్వు. "హన్నమ్మ వేలు బాలింతైందక్కా. గుడ్డ చుట్టి, నూనె రాసి, నీడపట్టున పండవెట్టింది. పత్తి ఏరనికి రావే అంటె, నా వేలు రానియ్యదు అంటది. పిల్లలు సుత ఇంటి ముంగటికొచ్చి, అవ్వా నీ వేలికి బువ్వ పెట్టినవా అని అడుగుతుండ్రు." పత్తి పగిలి చేలన్నీ తెల్లగా ఉన్న రోజులవి. కైకిలివాళ్లకు నాలుగు రాళ్లు దొరికేదే అప్పుడు. సుమిత్ర నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. పరదా వెనకాల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది, అంటే వాడూ విన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరయ్య ప్రార్థన విన్నపాలు అడిగాడు. ఒకరు బిడ్డ జ్వరం గురించి చెప్పారు, ఇంకొకరు బోరు పడాలన్నారు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి హన్నమ్మ లేచింది. గుడ్డ చుట్టిన వేలిని ముందుకు చాపింది.

"నా వేలి కోసం ప్రార్థన చెయ్యుండ్రి అయ్యగారు. అరిగిపోయింది. గీతలు వస్తలెవ్వు. గడువు దగ్గరికొచ్చింది. పింఛన్ పోతె నేనెట్ల బతుకుత?"

వెనక బెంచీల్లో కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పాస్టరయ్య నవ్వలేదు. చుట్టూ చూసి, మగవాళ్లలో యేసుబాబును పట్టుకున్నాడు. "నీ దుకాణంలనే గదా బిడ్డా. నువ్వే ముంగటికొచ్చి, అవ్వ వేలు పట్టుకొని ప్రార్థన చెయ్యి."

అప్పుడు చెప్పెయ్యొచ్చు. నాలుగు మాటలు. నేను వాడి కళ్లలోకి గుచ్చి చూశాను, చెప్పరా అని. వాడు ముందుకు వెళ్లాడు. హన్నమ్మ గుడ్డ విప్పి వేలు చేతిలో పెట్టింది. వాడు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మావాడికి ప్రార్థన బాగా వచ్చు, పాడుగాను. ఈ తల్లి కష్టం చేసి అరగదీసుకున్న వేలిని నీవు చూస్తున్నావు ప్రభువా అన్నాడు. ఆమె గీతలు ఆమెకు తిరిగి ఇయ్యి అన్నాడు. గొంతు వణికింది కూడా. అందరూ ఆమెన్ అన్నారు. వాడూ అన్నాడు. నేను అనలేదు.

ఇంటికి వచ్చే దారంతా నా నోటికి ఏది వస్తే అది తిట్టాను.  వాడు అన్నం తినకుండా దుకాణం తెరిచి, లినక్స్ వాడేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే ఆన్‌లైన్ చోట తన గోడు రాసుకున్నాడు. ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి వెంటనే జవాబిచ్చాడు. మిషన్ వాడే హక్కు ఉన్న గ్రూపులో మీ పేరు చేర్చారు, బాగానే ఉంది, చేర్చాక ఒక్కసారి లాగౌట్ అయి మళ్లీ లోపలికి వచ్చారా, లేకపోతే ఆ హక్కు అమలులోకి రాదు అని.

రాలేదు. అసలు లాగౌట్ అయితే కదా వాడు మళ్లీ లోపలికి వచ్చేది? మూత మూయడం, తెరవడం తప్ప ఆ లాప్‌టాప్‌ను ఏనాడూ ఆపనిదే వాడి గొప్ప. ఆపి, మళ్లీ వేశాడు. వేలు పెట్టాడు. మిషన్ టక్కున తీసుకుంది. నన్ను పిలిచి చూపించడానికి కూడా వాడికి ముఖం చెల్లలేదు. పరదా సందులోంచి నేనే చూశాను. వాడు తల పట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం పొద్దున్నే కబురు పెడితే హన్నమ్మ ఆటో ఎక్కి వచ్చింది. వేలు పెట్టీపెట్టకముందే పచ్చ గుర్తు వచ్చింది. ఆమె ఇంకోసారి పెట్టి చూస్తానంది, నమ్మలేక. తర్వాత యేసుబాబు చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నీ ప్రార్థన ఇన్నడు బిడ్డా దేవుడు."

"నా ప్రార్థన కాదవ్వా. కంప్యూటరే..." అన్నాడు వీడు.

"గంత తగ్గించుకోకురా. నీకు దేవుడు వరం ఇచ్చిండు" అంది ఆమె. వాడు ఇంకేదో అనబోయి మింగేశాడు. ఆమె బజారంతా వినేలా చెప్పుకుంటూ వెళ్లిపోయింది. అప్పటికే ఊళ్లో పత్తి ఏరడం సగం అయిపోయింది, ఆ మధ్యాహ్నమే ఆమె చేనికి పోయిందని సుమిత్ర చెప్పింది.

తర్వాతి ఆదివారం హన్నమ్మ లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. యేసుబాబు చెయ్యి పడగానే వేలిలో చీమలు పాకినట్టయిందట, ఇంటికి పోయి చూసుకుంటే గీతలు కనిపించాయట. చర్చిలో చప్పట్లు కొట్టారు. పాస్టరయ్య సంతోషపడిపోయి, కష్టం చేసి చేతులు అరిగినవాళ్లంతా ముందుకు రావాలని, ఈ యువకుడు ప్రార్థన చేస్తాడని చెప్పాడు. ముసలివాళ్లు లేచారు. కర్ర ఊతంతో కొందరు, పక్కవాళ్లను పట్టుకుని కొందరు. ముందుకు వచ్చి, బొటనవేళ్లు చాపి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు, వాళ్లను వరసలో నిలబెడుతూ హన్నమ్మ.

మా తమ్ముడు ఆ వేళ్ల ముందు నిలబడ్డాడు. చేతులు ఎత్తబోయి దించేశాడు.

"నేను ప్రార్థన చెయ్య, అయ్యగారు" అన్నాడు చివరికి. "హన్నమ్మవ్వ వేలు ముందుగాల సుత మంచిగనే ఉండె. ఖరాబుంది నా కంప్యూటరు. గది నాకెరుకే. గా దినం పొద్దుగాల నా వేలు సుత రాలె."

కళ్లు మూసుకున్నవాళ్లు ఒక్కొక్కరే తెరిచారు. చాపిన వేళ్లు ఏం చెయ్యాలో వాళ్లకు తెలియలేదు. మా అమ్మ బెంచీ మీద తల వాల్చేసింది. హన్నమ్మకు మాత్రం ముందు అర్థం కాలేదు.

"అంటె? నా గీతలు పోలేదా?"

"ఎన్నడు పోలెవ్వు అవ్వా."

"మరి అరిగిందంటివి."

"అంటి."

"ఎందుకంటివి బిడ్డా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమె ముఖంలోకి చూడలేక వాడు నేల వైపు చూశాడు. వాడి చెవులు ఎర్రబడడం వెనక వరసలో ఉన్న నాకు కూడా కనిపించింది. అబద్ధం చెప్పడానికి ఇంక ఏదీ మిగల్లేదు వాడికి.

"మహేందర్ కాడికి పొమ్మంటె... గాయన నవ్వుతడని" అన్నాడు.

హన్నమ్మ తన బొటనవేలిని ఇంకోసారి చూసుకుంది.

"గాయన ఒక్కడు నవ్వుతడని" అంది మెల్లగా. "నన్ను జూసి మా ఊరంత నవ్వె గదరా బిడ్డా."