హన్మవ్వ కత్తెరలో పడ్డ కబడ్డీ జట్టు

మా అవ్వ హన్మవ్వ యాభై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. బీడీలు చేసేవాళ్ల దగ్గర అరచేతిలో ఇమిడే రేకు ముక్క ఒకటి ఉంటుంది. నానిన తునికాకు మీద ఆ రేకు పెట్టి చుట్టూ కత్తెర తిప్పితే బీడీకి సరిపోయే ఆకు వస్తుంది, దాన్నే ‘ఆకు ఎల్లింది’ అంటారు. మిగిలిన ముక్కలు ఎండబెట్టి నీళ్ల పొయ్యిలో వేస్తారు. ఇరవై ఐదు బీడీలైతే దారం చుట్టి కట్ట కడతారు. నిజామాబాద్‌లో మా గల్లీ మొత్తానికీ ఇది తెలిసిన పనే. కానీ మా అవ్వ ఈ పనిని బీడీల దగ్గర ఆపలేదు.

ఆమె లెక్కలో దాచుకోదగ్గది ఏదైనా ఆ రేకు కింద పట్టాలి. పట్టకపోతే పట్టేట్టు చెయ్యాలి. మా బాపు పదో తరగతి మెమోలో మార్కులున్న భాగం మాత్రమే ఇప్పుడు మా ఇంట్లో ఉంది, పేరున్న భాగం లేదు. ఆ మార్కులు తనవి కావని బాపు ఈనాటికీ వాదిస్తాడు. వ్యాసరచనలో నాకు వచ్చిన సర్టిఫికెట్లో ‘ప్రథమ బహుమతి’ అనే రెండు మాటలు మిగిలాయి. దేనిలో, ఎవరికి అన్నది చూసినవాళ్లు ఊహించుకోవాలి.

అందరికంటే ఎక్కువ కత్తిరింపులు మా చెల్లె అంకితవి. ఏడో తరగతి చదువుతోంది. బడివాళ్లు ఎక్కడికి తీసుకుపోయినా పోతుంది, ఏ ఆట పెట్టినా ఆడుతుంది. ప్రతిసారీ ఒక గ్రూపు ఫోటో ఇంటికొస్తుంది. అలీసాగర్ తోటలో నలభై మంది పిల్లలు దిగితే అవ్వ కత్తిరింపులు దాచుకునే డబ్బాలోకి అంకిత ఒక్కతే చేరింది. నిజాంసాగర్ డ్యాం ముందు దిగిన ఫోటోలో నిజాంసాగర్ లేదు. ఇద్దరు పిల్లల కాళ్లు కలిపి కట్టి ఉరికించే పరుగులో అంకితకు ఒకటిన్నర కాలు దక్కింది. ఇట్లా ఇరవై నాలుగు అంకితలు జమయ్యారు. కట్ట కట్టడానికి ఒక్కటి తక్కువ. అవ్వకు సగం కట్ట పక్కన పెట్టి నిద్రపోయే అలవాటు లేదు.

సరిగ్గా అప్పుడే కబడ్డీ ఫోటో ఇంటికొచ్చింది.

అంకిత బడిలో ఆటల సార్ పేరు దేవన్న. ఊరు మోస్రా. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలతో పాటు మట్టిలో ఉరికాడు. అన్నేళ్లలో ఆయన జట్టు జిల్లా పోటీలు గెలిచింది ఒక్కసారే, అదీ ఈ ఏడాది, బోధన్‌లో. ఏడుగురు ఆడపిల్లలు భుజాల మీద చేతులేసుకుని వరుసగా నిలబడితే, చివర్న సార్ నిలబడ్డాడు. ఆ ఫోటో తీసిన ఫోను వారం తిరక్కుండానే నీళ్ల బకెట్లో పడింది. ముద్రించిన షాపువాడు తన దగ్గరున్నది తుడిపేశాడు. మిగిలిందల్లా ఒకే ఒక్క కాగితం.

శనివారం సార్ రిటైరవుతున్నాడు. శాలువాలు, దండలు వద్దన్నాడట. ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి ఇస్తే ఇంట్లో గోడకు పెట్టుకుంటానన్నాడట. కెప్టెన్ కాబట్టి ఆ పని అంకిత మీద పెట్టారు. మంగళవారం సాయంత్రం ఫోటో తెచ్చి, నోటుబుక్కులో పెట్టి, ఆ బుక్కును గూట్లో పెట్టింది. బుధవారం బడి నుంచి వచ్చి చూస్తే బుక్కు ఉంది, ఫోటో లేదు.

గూట్లో ఫోటో ఏమైందని అవ్వను అడిగింది. అవ్వ చేస్తున్న పని ఆపకుండా, చాలా తృప్తిగా, “కట్ట నిండింది బిడ్డా” అంది.

అంకిత ఏడవలేదు. గడప మీద కూలబడి, సార్‌కు ఇప్పుడేం చెప్పాలని నన్ను అడిగింది. అవ్వకు తన వైపు తప్పేమీ కనబడలేదు. మిగతా ఆరుగురిని పారేయలేదు కదా, ఆకు కోసినంత శుభ్రంగా కోసి ఎవరి పిల్లను వాళ్ల అవ్వకు ఇచ్చానంది. మధ్యాహ్నం బీడీలు చేసేటప్పుడు అందరూ ఒక్కచోటే కూర్చుంటారు కాబట్టి పంపకం చిటికెలో అయిపోయింది. అందరూ సంబరపడ్డారని కూడా చెప్పింది.

గురువారం నేనూ అంకితా ఇల్లిల్లూ తిరిగాం. గొంతు విప్పి అడిగేది నా పని, బతిమాలే మొహం పెట్టేది అంకిత పని. ఒకామె పిల్లను దేవుని పటం పక్కన అంటించేసింది, కత్తిమొనతో గీకి ఇచ్చింది. ఇంకొకామె ఫోను కవరులో పెట్టుకుంది. సణుక్కుంటూనే ఐదుగురూ ఇచ్చారు. ఆరో ఇల్లు భూమవ్వది.

భూమవ్వకూ మా అవ్వకూ స్నేహం కూడా యాభై ఏళ్లది, పంతమూ అంతే. ఆమె మనుమరాలు హర్షిణి ఫోటోలో అంకిత పక్కన నిలబడింది. ముక్క చేతికొచ్చిన గంటకే భూమవ్వ కనిపెట్టింది, పిల్లకు కుడిచెయ్యి లేదు. అంకిత భుజం మీద వేసిన చెయ్యి అంకితతో పాటే మా డబ్బాలోకి వచ్చేసింది. మేం అడగడానికి పోతే మమ్మల్ని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చింది.

“మా పొల్ల చెయ్యి నీ కట్టల ఉన్నది హన్మక్కా. ముందు చెయ్యియ్యి, తర్వాత పొల్లనిస్త.”

“నీ పొల్లనే అచ్చి మా పొల్ల భుజమ్మీద చెయ్యేసె. అడగకుండ ఏసిన చెయ్యి నేనెట్ల వాపసియ్యాలె?”

“గట్లయితే గా చేతికి కూడు గూడ నువ్వే పెట్టు.”

అవ్వ కత్తెర కింద పెట్టేసింది. అది మా ఇంట్లో చాలా పెద్ద సంగతి. ఇద్దరూ చీకటి పడేదాకా ఎదురెదురుగా కూర్చున్నారు. చివరికి మా అమ్మ మధ్యలోకి వచ్చి, చెయ్యి హర్షిణిదనీ, భుజం అంకితదనీ, రెండూ ఒక అట్ట మీద కలిపి అంటిస్తే ఎవరి సొమ్ము వాళ్ల దగ్గరే ఉన్నట్టనీ తీర్పు చెప్పింది. అవ్వ కట్ట విప్పింది. భూమవ్వ కూడా ఒప్పుకుంది. అయితే అంటించేటప్పుడు తను దగ్గరుండాలంది.

శుక్రవారం సాయంత్రం మైదాపిండి ఉడికించి జిగురు చేశాం. అట్ట మీద పిల్లలను ఒక్కొక్కరినీ వరుసలో నిలబెట్టాం. హర్షిణి చెయ్యి అంకిత భుజం మీద అతుక్కునేదాకా భూమవ్వ ఊపిరి బిగబట్టి చూసింది. ఏడుగురూ కుదిరారు. నడుముల కింద అందరూ ఆగిపోయారు గాని, కబడ్డీ గెలిచినట్టే ఉన్నారు. అప్పుడు అంకిత అట్ట చివర ఖాళీ మీద వేలు పెట్టి, సార్ ఏడని అడిగింది.

అవ్వ దారం ఉండను అటూ ఇటూ దొర్లించింది. అమ్మ రెండోసారి అడిగింది.

“సారు సన్నగ, పొడువుగ ఉన్నడు. రేకు పెట్టి సూసిన. ఆయనల ఆకు ఎల్లలే.”

ఎల్లని ఆకు ఎక్కడికి పోతుందో మా ఇంట్లో పసిపిల్లకూ తెలుసు. గురువారం పొద్దున అంకిత స్నానానికి నీళ్లు కాగిన పొయ్యిలోనే దేవన్న సార్ ఉన్నాడు. ఈసారి అంకిత ఏడ్చింది. సార్‌కు ఇచ్చే ఫోటోలో సార్ లేకపోతే, అది ఇవ్వడం కంటే బడి మానేయడం నయమంది.

భూమవ్వ లేచి తన ఇంటికి పోయింది. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. చేతిలో వాళ్లింటి గోడ మీది ఫోటో ఉంది. పిల్లలు బోధన్ నుంచి వస్తూ రోడ్డు పక్కన చెరుకురసం బండి దగ్గర ఆగినప్పటిది. హర్షిణి ఒక గ్లాసు, దేవన్న సార్ ఒక గ్లాసు పట్టుకుని నవ్వుతున్నారు. దాన్ని మా అవ్వ ముందు పెట్టి, “నీ తీరుగ నేను సగం మనిషిని ఇయ్య. సార్‌ను పూర తీస్కో. కాని కత్తెర నా చేతికియ్యి” అంది.

ఆమెకు అంకిత మీద జాలి కలిగిందో, హన్మవ్వ చేసిన ఘనకార్యాన్ని తను సర్దానని ఇంకో పదేళ్లు చెప్పుకోవచ్చనుకుందో నాకు తెలియదు. రెండూ అయి ఉంటాయి. అవ్వ కత్తెర ఇచ్చింది. ఇచ్చాక, జర కుడికి తిప్పు, చెవి పోతది చూడు అంటూ పక్కనుంచి చెబుతూనే ఉంది. భూమవ్వ చెవి పోకుండానే కోసింది.

అంటించాక చూస్తే చిన్న చిక్కు కనబడింది. రసం బండి ఫోటో దగ్గర్నుంచి తీసింది కాబట్టి సార్ పిల్లలకు రెండింతలున్నాడు. ఏడుగురు గుప్పెడంత పిల్లల చివర ఒక భారీ మనిషి గ్లాసెత్తి నవ్వుతున్నాడు. ఇంకేం చేయడానికీ టైం లేదు. ఫ్రేములో బిగించాం.

శనివారం బడి గ్రౌండులో సభ. సార్‌కు తను అబద్ధం చెప్పలేననీ, నిజం చెప్పడానికి నోరు రాదనీ అంకిత పట్టుబట్టడంతో అవ్వ కూడా వచ్చింది. అవ్వ వస్తే భూమవ్వ ఆగుతుందా?

పిల్లలు ఫ్రేము చేతికిచ్చాక దేవన్న సార్ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ముందు పిల్లలను లెక్కపెట్టాడు. తర్వాత తనను చూసుకుని, బోధన్ గ్రౌండులో తను చెరుకురసం ఎప్పుడు తాగానని అడిగాడు. అంకిత అవ్వ వైపు చూసింది. భూమవ్వ మా అవ్వను మోచేత్తో పొడిచింది.

“తప్పు నాదే సార్” అంది అవ్వ. “పాత ఫోటోల మీరు పొయ్యిల వడ్డరు.”

అవ్వ రేకు సంగతీ, కట్ట సంగతీ, ఆకు ఎల్లని సంగతీ ఒక్కటి విడవకుండా చెప్పింది. సార్ కళ్లద్దాలు తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“గా పొయ్యి మీది నీళ్లు ఎవరు పోసుకున్నరు?”

“గీ పొల్లనే” అని అవ్వ అంకితను ముందుకు నెట్టింది.

“అయితే ఉత్తగ పోలే” అన్నాడు సార్.

వద్దన్నా తెచ్చి కుర్చీ మీద పెట్టిన శాలువాలను ఆయన మరిచిపోతే అటెండరు వెంటబడి తెచ్చిచ్చాడు. ఫ్రేమును మాత్రం ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు. సాయంత్రం బస్సెక్కాక, మేం కింద నిలబడి చూస్తుండగానే, దాన్ని ఒళ్లో నిలబెట్టుకుని, పక్క సీటాయనకు ఒక్కొక్క పిల్లనూ వేలితో చూపించాడు. బస్సు కదిలేటప్పటికి వేలు పిల్లలందరినీ దాటి తన గ్లాసు దగ్గరికి వచ్చింది.