ఊపిరి వదిలాక ఒక చుట్టు

మేం కొండమీది సరిహద్దు పోస్టుకు చేరేసరికి గాలి ఆగింది, మంచు ఆగలేదు. చుట్టూ తెల్లటి వాలు, కింద నాలా, ఇరుకు లోయ. బంకర్‌లో ఆరుగురం. నేను సిగ్నల్స్ టెక్నీషియన్‌ను. నా వెంట రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు, పనిముట్ల పెట్టె. ఇబ్రహీంపట్నంలో మీరు చలి అనేది అక్కడ ఎండాకాలం.

మావాళ్లు ఒకప్పుడు చెరువు కింద పొలాలున్న పటేళ్లు. ఇప్పుడా పొలాల్లో వెంచర్ల రాళ్లు పాతారు. నాకు మిగిలింది నిటారుగా నిలబడే అలవాటు. మా మెషిన్‌గనర్‌ది అబ్దుల్లాపూర్‌మెట్. మొదటి రోజే నన్ను పటేల్ అన్నాడు. ఎగతాళికే. నేను కాదనలేదు.

మూడో వారంలో బ్యాటరీ ఛార్జర్‌లోని బోర్డు కాలిపోయింది. ఒక్క బ్యాటరీలోనే కాస్త ప్రాణం ఉంది. పొగమంచులో హెలికాప్టర్ రాదు. రేడియో మూగబోతే ఒక మనిషి నాలా దాటి కింది పోస్టుకు నడిచి బ్యాటరీ తేవాలి. ఆ వాలు మీద మంచు విరిగిపడుతోంది. నడిచే వంతు మెషిన్‌గనర్‌ది.

"బాగవుతుందా?" అని కమాండర్ అడిగాడు.

"కొత్త బోర్డు చేస్తాను సార్."

"రేపు మధ్యాహ్నం వరకే ఆగుతాను."

పెట్టెలో రాగి రేకు అంటిన బోర్డు ముక్క ఒకటి ఉంది. కాలిన బోర్డు చూసి, దాని మీద మార్కర్‌తో గీతలు, రంధ్రాల చోట చుక్కలు గీశాను. నర్సింగ్ అసిస్టెంట్ పెరాక్సైడ్ ఇచ్చాడు. అందులో టాయిలెట్ కడిగే యాసిడ్ కలిపి, ఆరుబయట, ముక్కను ముంచాను. గీత లేనిచోట రాగి కరిగిపోయింది.

తెల్లారి, భాగాల తీగ కాళ్లు దూరే రంధ్రాల పని. ఒక్కొక్కటి మిల్లీమీటర్ లోపు. చేత్తో తిప్పే డ్రిల్లు, సూదుల్లాంటి బిట్లు రెండే. మొదటిది మొదటి వరుసలోనే విరిగింది. గట్టిగా నొక్కాను.

"పటేలా, గది నాగలి కాదు," అన్నాడు మెషిన్‌గనర్.

"నోరు మూసుకో."

"మూసుకుంట తియ్. నాలా దాటేది నేను గద."

రేషన్ పెట్టె చెక్కను బోర్డు కింద పెట్టాను. ప్రతి చుక్క నడుమ సూదితో గుంట పొడిచాను. అయినా బిట్ పక్కకు జారుతోంది.

మెషిన్‌గనర్ నా పక్కకు జరిగాడు. "ఫైరింగ్‌ల ట్రిగ్గర్ ఎప్పుడు గుంజుతవ్?"

"ఊపిరి సగం వదిలి, ఆపి."

"మరి గీడ పీల్చుకుంట తిప్పుతున్నవేంది? భుజాలెట్ల లేస్తున్నయో సూడు."

నాకంటే జూనియర్ నాకు పాఠం చెప్పడం నచ్చలేదు. అయినా ఊపిరి వదిలాను. ఆపి, ఒక చుట్టు తిప్పాను. మళ్లీ ఊపిరి, మళ్లీ చుట్టు. బిట్ గుంటలో కూర్చుంది. తెల్లటి పొడి లేచింది. అతను నా మోచేతుల కింద ఇసుక సంచులు పెట్టాడు, గన్‌కు పెట్టినట్టే.

పదకొండుకు, పాత బోర్డు నుంచి ఊడదీసిన భాగాలు అమర్చాను. ఒక్క కాలూ వంచాల్సి రాలేదు. స్టవ్ మీద కాల్చిన కడ్డీతో టంకం పెట్టాను. జనరేటర్ తిప్పగానే ఛార్జర్ దీపం వెలిగింది.

కమాండర్ బ్యాటరీ వైపు చూశాడు. "నడక రద్దు."

మెషిన్‌గనర్ కూర్చుని బూట్ల లేసులు విప్పుకున్నాడు. "పటేల్, జర చాయ్ పెట్టు. ఇయ్యాల నా కాళ్లకు సెలవు."

మా ఇంట్లో మగవాళ్లు చాయ్ పెట్టరు. పెట్టాను.

ఇంటికొచ్చి ఏళ్లయింది. బస్ డిపో దగ్గర ఇన్వర్టర్లు బాగుచేస్తాను. ఎవరి కింద పనిచేయను. ఆదిభట్ల కంపెనీలకు ఉద్యోగులను మోసే బస్సులు వెళ్తుంటాయి, నేను తలెత్తను. కానీ ఒక దృశ్యం వదలదు. టంకానికి ముందు, రంధ్రాలు సరిచూద్దామని బోర్డును వెలుతురొచ్చే బంకర్ సందుకు అడ్డంగా పట్టుకున్నాను. వెలుతురు చుక్కలు చుక్కలుగా మెషిన్‌గనర్ ముఖం మీద పడింది, మంచు పట్టిన గడ్డం మీద వరుసలు వరుసలుగా. అతను కళ్లు మూసుకున్నాడు. నేను రంధ్రాలు లెక్కపెట్టడం అయ్యేదాకా అతను కదల్లేదు.